మా నాయన అడిగిన మూడు ప్రశ్నలు

ఈ సంచికలో "రాయడం నేర్చుకుందాం" శీర్షికకి ఒక వ్యాసం ఇవ్వమని క్లబ్ వాళ్లు అడిగారు. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఒక పేరా రాయాలంటే ఇప్పటికీ ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో అని రెండు సార్లు ఆగుతాను. కాబట్టి ఇది నేర్పేవాడి పాఠం అనుకోకండి, నేర్చుకుంటున్నవాడి నోట్స్ అనుకోండి. మనం నమ్మిన విషయాన్ని ఎదుటివాళ్లు కూడా ఒప్పుకునేలా రాయడం ఎలా అన్నది ఈ నోట్స్ విషయం. నాకు అది నేర్పింది ఏ పుస్తకమూ కాదు, ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మా నాయన.

మాది నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలో ఒక ఊరు. రాత్రి కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే సముద్రం హోరు వినిపిస్తుంది. నాయన రెండున్నర ఎకరాలు లీజుకి తీసుకుని రొయ్యల గుంటలు వేస్తాడు. నా కాలేజీ ఫీజు ఆ గుంటల్లోంచే వస్తుంది. అదే ఊళ్లో మా అమ్మ తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్లు కొంటుంది, ఎందుకంటే మా బోరు నీళ్లలో పప్పు కూడా ఉడకదు. ఈ రెండు సంగతులూ ఒకే ఇంట్లో ఉన్నాయి. అందుకే పోయిన సెమిస్టర్‌లో క్లబ్ వ్యాసరచన పెట్టినప్పుడు నేను రాసుకున్న అంశం అదే.

నా మొదటి వ్యాసం

దాని మొదటి పేరా ఇక్కడ ఉన్నదున్నట్టు ఇస్తున్నా. సిగ్గుగానే ఉంది, కానీ తప్పు చూపించకుండా దిద్దుబాటు చూపించలేను.

"రొయ్యల గుంటల వల్లే మా ఊరి నీళ్లన్నీ ఉప్పగా మారాయి. ఇది అందరికీ తెలిసిన నిజం. కొందరు లాభం కోసం ఊరి గొంతు ఎండబెడుతున్నారు. సుప్రీంకోర్టు 1996లోనే వీటిని నిషేధించింది. అయినా ఎవరూ పట్టించుకోవడం లేదు. వెంటనే గుంటలన్నింటినీ పూడ్చేయాలి."

చదువుతుంటే క్లాసులో చప్పట్లు పడ్డాయి. వెనక బెంచీ నుంచి ఈల కూడా. నాకు బాగా ఎక్కింది. సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు అదే వ్యాసం నాయనకి చదివి వినిపించాను. లోపల కొంచెం భయం కూడా ఉంది, ఎందుకంటే "కొందరు" అన్న మాటలో ఆయన కూడా ఉన్నాడు. ఆయన గట్టు మీద కూర్చుని చెక్ ట్రే వల కుట్టుకుంటూ చివరిదాకా విన్నాడు. కోప్పడలేదు.

"బాగా రాసినావురా. మూడు అడుగుతా, చెప్పు. ఒకటి, ఇదంతా నీకు ఎవరు చెప్పినారు? రెండు, నీళ్లు ఉప్పగా కావడానికి ఇంకో కారణం లేదని నీకెట్లా తెలుసు? మూడు, గుంటలు పూడ్చేస్తే ఆ పొద్దు నుంచి మనం ఏం చెయ్యాల?"

మూడింటికీ నా దగ్గర జవాబు లేదు. "అందరికీ తెలుసు కదా నాయనా" అన్నాను.

"అందరికీ తెలిస్తే నువ్వు రాయడం దేనికి?" అన్నాడు.

ఆ రాత్రి నా పేరాని మళ్లీ చదువుకున్నాను. ఆరు వాక్యాలు ఉన్నాయి. ఒక్కదాని కింద కూడా ఆధారం లేదు. చప్పట్లు కొట్టినవాళ్లు ముందే నా వైపు ఉన్నవాళ్లు. వాళ్లని నేను ఒప్పించలేదు, వాళ్లు అప్పటికే ఒప్పుకుని కూర్చున్నారు. ఒప్పించాల్సిన మనిషి గట్టు మీద కూర్చుని వల కుట్టుకుంటున్నాడు.

మొదటి ప్రశ్న: ఎవరు చెప్పారు?

వాదంలో ప్రతి వాక్యం వెనక ఒక చెయ్యి ఉండాలి, "ఇది నాకు ఇక్కడ దొరికింది" అని చూపించడానికి. ఆధారాలు ఎన్ని రకాలో నాకు అర్థమైనంతలో రాసుకున్నాను: మనం చూసింది, ఎవరో చూసి చెప్పింది, కొలిచింది, కాగితంలో చదివింది. నాలుగూ పనికొస్తాయి. కానీ ఒక్కోదాన్ని ఒక్కోలా పరీక్షించాలి.

ఎవరో చూసి చెప్పిన దానితో మొదలుపెడతా. మా పక్కింటి అవ్వ "మునుపు ఈ బోరు నీళ్లే కుండలో పోసుకుని తాగేవాళ్లం" అంటుంది. మొదటి వ్యాసంలో అయితే దీన్ని ఇలాగే పెట్టేసేవాణ్ని. ఈసారి "మునుపు అంటే ఎప్పుడు అవ్వా?" అని అడిగాను. ఆమెకి సంవత్సరాలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. "సునామీ వచ్చిన ఏడు కూడా ఈ నీళ్లే తాగినాం. మా చిన్నదాని పెళ్లి అయినాక చెడినాయి" అంది. సునామీ 2004 డిసెంబర్ 26. పెళ్లి తేదీ ఇంట్లో శుభలేఖలో ఉంది. ఆ రెండింటి మధ్య నీళ్లు మారాయి. జ్ఞాపకానికి ఒక తేదీ దొరికితే అది సాక్ష్యం అవుతుంది, లేకపోతే కబురుగానే మిగిలిపోతుంది.

ఇక కాగితం. "సుప్రీంకోర్టు 1996లోనే నిషేధించింది" అన్న వాక్యం నాకు ఒక వాట్సాప్ ఫార్వర్డ్‌లో దొరికింది. అది విని నాయన ఇంట్లోకి వెళ్లి ట్రంకు పెట్టెలోంచి ఒక కాగితం తెచ్చాడు. గుంటల రిజిస్ట్రేషన్. "కోర్టు నిషేధిస్తే ఇదేంది మరి?"

అప్పుడు కూర్చుని మొత్తం చదివాను. తీర్పు నిజమే. ఎస్. జగన్నాథ్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా, 1996 డిసెంబర్ 11. కేసు వేసింది తమిళనాడులోని గ్రామ స్వరాజ్య ఉద్యమం తరఫున ఒక సర్వోదయ కార్యకర్త. తీర ప్రాంతాల్లో రొయ్యల పరిశ్రమ వల్ల తాగునీళ్లు, పొలాలు, మత్స్యకారుల బతుకు చెడుతున్నాయని ఆయన వాదన. 1991 నాటి సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ పరిధిలో, అంటే ఆటుపోటు గీత నుంచి 500 మీటర్ల లోపల, రొయ్యల పరిశ్రమ గుంటలు ఉండకూడదని, ఉన్నవాటిని 1997 మార్చి 31 లోగా తీసేయాలని కోర్టు చెప్పింది. చిలికా, పులికాట్ సరస్సుల చుట్టూ 1000 మీటర్ల లోపల కూడా వద్దంది. పులికాట్ మన దక్షిణాన ఉన్నదే. తీర్పులో నేలపట్టు పక్షుల కేంద్రం ప్రస్తావన కూడా ఉంది.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. ఆ తీర్పు మీద రివ్యూ పిటిషన్లు పడ్డాయి, అమలు ఆగింది. తర్వాత పార్లమెంటు 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. చెన్నైలో ఆఫీసు పెట్టి, గుంటలకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసి, నియమాలతో అనుమతించింది. నాయన పెట్టెలో ఉన్న కాగితం అదే. నేను చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. వాదంలో సగం నిజం అబద్ధం కన్నా ప్రమాదం. ఎదుటివాడికి మిగతా సగం తెలిసిన క్షణంలో మన మిగతా వాక్యాలన్నీ అనుమానంలో పడతాయి.

అయితే ఆ తీర్పు ఇంకో రకంగా నాకు పాఠ్యపుస్తకం అయింది. కోర్టు పిటిషనర్ మాట ఒక్కటే పట్టుకుని తేల్చలేదు. నాగపూర్‌లోని నీరి సంస్థని తీర ప్రాంతాలకి వెళ్లి చూసి రమ్మంది. వాళ్లు 1995 ఏప్రిల్‌లో రిపోర్టు ఇచ్చారు. లాభమెంత, నష్టమెంత అని లెక్క వేసి, పర్యావరణానికీ జనానికీ జరిగే నష్టమే ఎక్కువని చెప్పారు. అంత ఆధారం చేతిలో ఉండి కూడా కోర్టు "రొయ్యలన్నీ వద్దు" అనలేదు. 500 మీటర్లు, 1000 మీటర్లు అని గీత గీసింది. సంప్రదాయ పద్ధతిలో సాగు చేసుకునేవాళ్లని మినహాయించింది. మూతపడే చోట పనిచేసే కూలీలకి పరిహారం ఇవ్వమంది. సుప్రీంకోర్టే అన్ని కొలతలు పెట్టుకుంటే నేను ఆరు వాక్యాల్లో "అన్నింటినీ పూడ్చేయాలి" అనేశాను.

రెండో ప్రశ్న: ఇంకో కారణం లేదని ఎలా తెలుసు?

ఇది మూడింటిలోనూ కష్టమైన ప్రశ్న. దీనికి సాయం అనుకోని చోట దొరికింది. మన తెలుగు సార్‌ని "ఆర్గ్యుమెంట్ ఎలా కట్టాలి సార్" అని అడిగితే ఆయన బోర్డు మీద కొండ బొమ్మ వేసి పొగ గీశారు. మన న్యాయశాస్త్రంలో వాదానికి ఐదు మెట్లు అట.

ప్రతిజ్ఞ: కొండ మీద నిప్పు ఉంది. హేతువు: ఎందుకంటే పొగ ఉంది. ఉదాహరణ: ఎక్కడ పొగ ఉంటుందో అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లోలాగా. ఉపనయం: ఈ కొండ మీద అలాంటి పొగే ఉంది. నిగమనం: కాబట్టి కొండ మీద నిప్పు ఉంది.

నేను లాజిక్ పేపర్‌లో చదివిన దానికన్నా ఇది నాకు త్వరగా ఎక్కింది, ఎందుకంటే ఇందులో ఉదాహరణ ఒక మెట్టు. ఊరికే సూత్రం చెబితే కుదరదు, అందరూ చూసిన వంటింటిని చూపించాలి. తర్వాత సార్ ఇంకో మాట చెప్పారు. "పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది" అన్నది నిజం. దాన్ని తిప్పి "నిప్పు ఉన్నచోట పొగ ఉంటుంది" అంటే తప్పు. ఎర్రగా కాల్చిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుతో పాటు తడి కట్టె కూడా ఉండాలి. బయటికి చెప్పకుండా దాక్కున్న ఈ షరతుని "ఉపాధి" అంటారు. మన భాషలో చెప్పాలంటే మిస్ అయిన ఎడ్జ్ కేస్.

నా వ్యాసంలో హేతువు "నీళ్లు ఉప్పగా ఉన్నాయి", ప్రతిజ్ఞ "గుంటల వల్లే". అది నిలవాలంటే ఉప్పు ఉన్న ప్రతి చోటా గుంట ఉండాలి. ఉందా? వెళ్లి చూడలేదు.

చూద్దామని నీళ్ల ప్లాంటు అన్న దగ్గర టీడీఎస్ మీటర్ అడిగి తెచ్చుకున్నాను. పెన్ను అంత ఉంటుంది, నీళ్లలో ముంచితే కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చూపిస్తుంది. తాగే నీళ్లలో ఇది లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 2000 వరకు సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. మూడు రోజులు ఊళ్లో పద్నాలుగు బోర్లు తిరిగాను. ప్రతిదానికీ నాలుగు కాలమ్‌లు: రీడింగ్, లోతు, గుంటకి ఎంత దూరం, సముద్రానికి ఎంత దూరం. ఒక్కో బోరుని పొద్దున ఒకసారి, మరునాడు ఒకసారి చూశాను.

గుంటల దగ్గరి బోర్లలో చాలావాటికి రీడింగ్ ఎక్కువే వచ్చింది. నాకు లోపల సంతోషం వేసింది. కానీ రెండు బోర్లు నా మాట వినలేదు. ఒకటి సముద్రం వైపు ఉంది. దాని చుట్టుపక్కల ఒక్క గుంట కూడా లేదు, అయినా ఉప్పే. రెండోది ఒక గుంట గట్టుని ఆనుకుని ఉంది. నీళ్లు బాగున్నాయి, ఆ ఇంట్లో తాగుతున్నారు కూడా.

నిజం చెప్పాలంటే, ఆ రెండింటినీ షీట్‌లోంచి తీసేద్దామా అనిపించింది. పద్నాలుగులో రెండే కదా, ఎవరు చూడొచ్చారు? తీసేసి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో ఆగిపోయేది. మన వాదానికి అడ్డం వచ్చే ఆధారమే మనకి ఎక్కువ నేర్పుతుంది.

గట్టు పక్క బోరు గురించి దాన్ని వేసిన మేస్త్రీని అడిగాను. "ఆడ కింద అంతా బంకమట్టి. గుంట నీళ్లు దిగవు" అన్నాడు. మిగతా గుంటలు చాలావరకు ఇసుక నేల మీద ఉన్నాయి. అంటే గుంట ఉన్నచోటల్లా పక్క బోరు చెడదు, కింద ఇసుక ఉంటే చెడే అవకాశం ఎక్కువ. ఇసుక నేల ఇక్కడ తడి కట్టె.

సముద్రం వైపు బోరు కోసం చదవాల్సి వచ్చింది. తీరంలో నేల కింద మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయి, ఎందుకంటే ఉప్పునీళ్లు బరువు. సుమారు లెక్క ఏంటంటే, సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీళ్లు నిలిస్తే, కింద నలభై మీటర్ల దాకా మంచినీళ్లే ఉంటాయి. దీన్ని గీబెన్-హెర్జ్‌బర్గ్ సూత్రం అంటారు. తిప్పి చూడండి: మోటార్లు పెట్టి పైన ఒక్క మీటరు తోడేస్తే కింద ఉప్పు నలభై మీటర్లు పైకి వస్తుంది. గుంటతో పనిలేదు, తోడితే చాలు.

ఇది నాయనకి చెప్పాను. ఆయన అడిగిన "ఇంకో కారణం" దొరికింది కదా, సంతోషిస్తాడు అనుకున్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఎండాకాలం గుంటలో ఉప్పు పెరిగితే నేనూ బోరు నీళ్లే కలుపుతా కదరా" అన్నాడు. రాత్రంతా మోటారు నడుస్తుంది. నాకు తెలుసు, చిన్నప్పటి నుంచి ఆ చప్పుడులోనే నిద్రపోయాను. కానీ ఎప్పుడూ దాన్ని ఈ లెక్కలో పెట్టలేదు. వేరే కారణం వెతుక్కుంటూ పోతే అది మళ్లీ మా గుంట దగ్గరికే వచ్చింది, ఈసారి ఇంకో దారిలో. వరి మోటార్లు, ఇళ్ల మోటార్లు కూడా అదే దారిలో ఉన్నాయి.

ఇప్పుడు నా ప్రతిజ్ఞ ఇలా మారింది: "మా ఊళ్లో ఇసుక నేల మీద ఉన్న గుంటల దగ్గరి బోర్లలో ఉప్పు ఎక్కువగా కనిపిస్తోంది. గుంటల నుంచి ఊట దిగడం ఒక కారణం కావచ్చు. అందరం కలిసి ఎక్కువగా తోడడం ఇంకో కారణం కావచ్చు. మీటర్ ఉప్పు ఎంతో చెబుతుంది కానీ ఎక్కడిదో చెప్పదు. అది తేలాలంటే ల్యాబ్ పరీక్ష కావాలి."

దీనికి ఈలలు పడవు. కానీ దీన్ని ఎవరూ ఒక్క ప్రశ్నతో పడగొట్టలేరు. ఆధారం ఎంతుందో మాట అంతే ఉండాలి. "కావచ్చు" అనడం పిరికితనం అనుకునేవాణ్ని. తెలిసిన చోట "ఉంది" అని, తెలియని చోట "కావచ్చు" అని రాస్తే చదివేవాళ్లు మన "ఉంది"ని నమ్ముతారు.

మూడో ప్రశ్న: అయితే ఏం చేయాలి?

సార్ చెప్పిన ఇంకో మాట పూర్వపక్షం. మన పాత శాస్త్ర గ్రంథాల్లో రచయిత తన సిద్ధాంతం చెప్పే ముందు ఎదుటి పక్షం వాదనని చెబుతాడు. అదీ గౌరవంగా, బలంగా. నేను ఒక చిన్న నియమం కలుపుకున్నాను: ఎదుటి మనిషి చదివి "అవును, నేను అనేది ఇదే" అనేదాకా దాన్ని దిద్దాలి.

నాయన పక్షం రాసి ఆయనకే చదివాను. మొదటిసారి "రొయ్యల వల్ల లాభం వస్తుంది" అని రాశా. "లాభం ఎవుడికి? ప్రతి ఏడూ వస్తుందా?" అన్నాడు. 1994-95లో వైట్ స్పాట్ తెగులు ఈ తీరమంతా తుడిచిపెట్టినప్పుడు తాత అమ్మిన పొలం గురించి అప్పుడే మొదటిసారి విన్నాను. టైగర్ పోయి 2009 తర్వాత వెనామీ వచ్చాక మళ్లీ ధైర్యం చేశారట. రెండోసారి ఇలా రాశాను: "కాలువ చివరి పొలాలకి నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు. వరి వేస్తే కూలి కూడా మిగలని ఏళ్లు ఉన్నాయి. గుంట వేస్తే అప్పు తీరే అవకాశం ఉంది, మునిగే అవకాశమూ ఉంది. ఊళ్లో పట్టుబడి రోజు యాభై మందికి పని దొరుకుతుంది. పిల్లలు చదువుకుంటున్నారు. నీళ్లు చెడాయని మాకూ తెలుసు, మేమూ క్యాన్లే కొంటున్నాం. వేరే దారి చూపించకుండా పూడ్చమంటే ఎట్లా?"

చదివి, "ఆ, ఇదీ" అన్నాడు. ఆ పేరా రాశాక "అన్నింటినీ పూడ్చేయాలి" అన్న నా చివరి వాక్యం దానంతట అదే రాలిపోయింది.

మరి దాని బదులు ఏం అడగాలి? ఎవరిని ఎలా అడగాలి? ఇక్కడ మన జిల్లా చరిత్రే గుర్తొచ్చింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారా వల్ల చెడిన ఒక ఇంటి గురించి. అది చదివి, దాని మీద మాట్లాడుకున్న దూబగుంట ఆడవాళ్లు 1992లో తమ ఊళ్లో సారా కొట్టు మూయించారు. రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. అది ఊరూరికీ పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అదే 1995లో సంపూర్ణ మద్య నిషేధం దాకా వెళ్లింది, 1997లో సడలిపోయింది.

ఆ పాఠంలో నాకు కనిపించింది ఏంటంటే, దానికి ఆధారం బయట వెతకక్కర్లేదు. చదివేవాళ్ల ఇంట్లోనే ఉంది, ఖాళీ డబ్బాలో, అమ్ముడుపోయిన గిన్నెలో. న్యాయశాస్త్రం చెప్పిన వంటింటి ఉదాహరణ లాంటిదే. ఇంకోటి, వాళ్లు మొదట అడిగింది రాష్ట్రం మొత్తం సారా ఆపమని కాదు, మా ఊళ్లో ఈ కొట్టు మూయమని. చేతికి అందే దూరంలో ఉన్న కోరిక.

అందుకని నా వ్యాసాన్ని ఉత్తరం చేశాను, పంచాయతీకి. మూడే కోరికలు. ఒకటి, తాగునీటి బోర్ల నీళ్లు ల్యాబ్‌కి పంపి ఫలితాలు పంచాయతీ గోడ మీద అంటించాలి. రెండు, అథారిటీ మార్గదర్శకాల్లో తాగునీటి వనరులకీ గుంటలకీ మధ్య దూరం ఉండాలని ఉంది కాబట్టి వచ్చే పంటకి ముందు ఆ దూరం కొలవాలి, ఇసుక నేల గుంటల చుట్టూ ఊట కాలువ తీయాలి. మూడు, ఎండాకాలంలో గుంటలకి బోరు నీళ్లు ఎన్ని గంటలు తోడాలో ఊరంతా కూర్చుని తేల్చుకోవాలి. దాని వెనక నా పద్నాలుగు బోర్ల షీట్ జత చేశాను, మాట వినని ఆ రెండు బోర్లతో సహా.

ఏప్రిల్‌లో గ్రామసభలో చదివాను. మొదటి కోరికకి ఎవరూ అడ్డు చెప్పలేదు. రెండోదానికి "చూద్దాం" అన్నారు. మూడోదాని దగ్గర గొడవ అయింది. ఒకాయన లేచి "నీ నాయన గుంట సంగతేంది ముందు చెప్పు" అన్నాడు. షీట్‌లో పదకొండో వరస చూపించాను. అది మా బోరే. పక్కన రాత్రి మోటారు నడుస్తుందని కూడా రాసి ఉంది. ఆయన కూర్చున్నాడు, ఒప్పుకున్నాడని మాత్రం చెప్పలేను.

మీరు రాసేటప్పుడు

నాకు పనికొచ్చిన పద్ధతి ఇది. మీ వ్యాసంలో ప్రతి వాక్యం కింద పెన్సిల్‌తో "ఎవరు చెప్పారు?" అని రాయండి. జవాబు లేని వాక్యాన్ని కొట్టేయండి, లేదా వెళ్లి జవాబు తెచ్చుకోండి. "అందరికీ తెలుసు", "ఎప్పటి నుంచో", "అన్నీ", "ఎవరూ", "వల్లే" అన్న మాటలు కనిపిస్తే ఆగండి, ఆధారం లేని చోటే ఇవి ఎక్కువ మొలుస్తాయి. చట్టమో తీర్పో చెబితే ఆ తర్వాత ఏమైందో కూడా చదవండి. మీ కారణానికి పోటీగా కనీసం ఒక కారణం మీరే వెతకండి. ఎదుటి పక్షాన్ని ఆ పక్షం మనిషికి చదివి వినిపించండి. చివర్లో అడిగేది ఒకరు చేయగలిగింది అయి ఉండాలి. చప్పట్లు కొట్టేవాళ్లకి కాకుండా వల కుట్టుకునేవాళ్లకి రాయండి.

వచ్చే సంచికకి మీ ఊరి సమస్య ఒకటి తీసుకుని, ఒక్క పేరా రాసి క్లబ్‌కి ఇవ్వండి. కలిసి పెన్సిల్ పట్టుకుందాం.

ఉత్తరం సంగతి చెప్పి ముగిస్తా. నీళ్ల శాంపిళ్లు వెళ్లాయి, ఫలితాలు ఇంకా రాలేదు. వచ్చాక నా షీట్ తప్పు అని తేలొచ్చు కూడా. ఉత్తరం మీద ముప్పై ఒక్క సంతకాలు ఉన్నాయి. నాయన రెండు రోజులు దాన్ని గూట్లో పెట్టుకుని తర్వాత సంతకం చేశాడు. మూడో కోరిక పక్కన ఆయన రాసింది ఇది: "అందరూ ఒప్పుకుంటే నేనూ ఆపుతా." ఒత్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి.